చీలి కలిసిన నరం

"ఆమె ముఖం చూశారా?"

"లేదు మేడమ్. కొంగు నెత్తి మీంచి కప్పుకుంది."

"మరి లక్ష్మణమ్మే అని ఎలా చెప్పారు?"

"చీర ఆమెదే. జీడి పిక్కలు కోసేటప్పుడు కట్టుకునే మరకల చీర. ఇంకోటి, గోడౌన్ తలుపు తోస్తున్నప్పుడు కుడి చెయ్యి కనబడింది. మోచేతి కింద తేలు పచ్చబొట్టు. మా ఫ్యాక్టరీలో అది లక్ష్మణమ్మకి తప్ప ఇంకెవరికీ లేదు."

సూపర్‌వైజర్ దేవేంద్ర జవాబులు ముందే తూకం వేసి పొట్లాలు కట్టుకొచ్చినట్టున్నాయి. ఇన్‌స్పెక్టర్ రాజకుమారి అతణ్ణి తలెత్తి చూసింది. సన్నటి మనిషి, మెత్తటి గొంతు. మే నెల ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కాకి మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకున్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎడమ చేత్తో కుడి ముంజేతిని చొక్కా మీంచే గోక్కుంటున్నాడు.

"దురదా?"

"జీడి నూనె మేడమ్. చుక్క పడితే చాలు పొక్కిపోద్ది. మాకలవాటే."

పలాస ఊరి చివర ఉన్న ఆ జీడిపప్పు ఫ్యాక్టరీ యజమాని నరసింగరావు ఆదివారం మధ్యాహ్నం తన గోడౌన్‌లోనే చచ్చిపడి ఉన్నాడు. ఐదు కిలోల తూకం రాయితో ఎవరో వెనకనుంచి తల పగలగొట్టారు. సెలవు రోజు, పనివాళ్ళు లేరు. బాయిలర్ చూడడానికి వచ్చానన్న దేవేంద్ర గేటు దగ్గర నిలబడి చూశానంటున్నది ఆ ఒక్క ముక్కే. ఆ ముక్క పట్టుకుని ఊరి సి.ఐ. తిరుమలరావు అదే రాత్రి లక్ష్మణమ్మని స్టేషన్‌కి పట్టుకుపోయాడు. శనివారం నాడు మొగుడి డయాలసిస్‌కి సెలవడిగితే నరసింగరావు ఆమెను అందరి ముందూ తిట్టాడు, ఆమె తిరిగి నాలుగు అంది. పోలీసులకి ఇంకేం కావాలి?

రాజకుమారికి మాత్రం ఇంకా చాలా కావాలి. జిల్లా క్రైమ్ విభాగంలో ఆవిడకి అదే చెడ్డపేరు. అందరూ చాలన్న చోట ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంటుంది.

దేవేంద్ర గడియారం చూసుకున్నాడు. "ఇంకేమీ లేకపోతే వెళ్తాను మేడమ్. లక్ష్మణమ్మ మొగుడు అప్పలసూరిని నాలుగింటికల్లా డయాలసిస్ సెంటర్‌లో దింపాలి. ఎప్పుడూ ఆమే తీసుకెళ్ళేది. ఇప్పుడెవరున్నారు పాపం? తప్పు చేసింది ఆమె గానీ ఆయన కాదు కదా."

రాజకుమారి మనసు చివుక్కుమంది. ఇంత మంచివాణ్ణి పట్టుకుని అరగంట నుంచి పీకుతున్నానే అనుకుంది. "వెళ్ళండి, ఆలస్యం చెయ్యకండి," అని తనే తలుపు తీసింది.

బయట వాకిట్లో, జీడి పిక్కలు ఆరబోసిన కళ్ళం పక్కన, తిరుమలరావు మీసం సవరించుకుంటూ నిలబడి ఉన్నాడు. ఇద్దరిదీ ఒకే బ్యాచ్. ట్రైనింగులో పరుగులో ఆయన ఫస్టు, పరీక్షలో ఈవిడ ఫస్టు. ఆ లెక్క ఇద్దరూ ఇంకా మర్చిపోలేదు.

"కేసు అయిపోయింది మేడమ్. ఆరింటికి మేజిస్ట్రేటు గారి ముందు పెడతన్నాను. మీరు టీ తాగి బయల్దేరండి."

"తాగుతాను. చక్కెర తక్కువ వెయ్యమను."

"తూకం రాయి మీద వేళ్ళ గుర్తులున్నాయి, గీతలు మాత్రం లేవు. జీడి కోసీ కోసీ ఇక్కడి ఆడోళ్ళ వేళ్ళు నున్నగా అయిపోతాయి. రేషన్ షాపులో మిషనే వాళ్ళ వేలు తీసుకోదు. నేనీ ఊళ్ళో ఐదేళ్ళుగా ఉన్నాను, మీకంటే నాకు తెలుసు."

"గీతల్లేని గుర్తు అరిగిన వేలు వేస్తుంది. గుడ్డ చుట్టుకున్న వేలు కూడా వేస్తుంది."

"మరి చీరో?"

"అదే నేనూ అడుగుతున్నాను, తిరుమలరావ్. ఆ చీర ఎక్కడుంటుంది? షెడ్డులో మేకుకి. పొద్దున్న వచ్చి ఇంటి చీర విప్పి ఆ మరకల చీర కట్టుకుంటారు, సాయంత్రం మళ్ళీ మేకుకి తగిలించి పోతారు. నూనె కంపు ఇంటికి రాకూడదని. సెలవు రోజున వచ్చిన మనిషి ఒంటి మీద ఇంటి చీర ఉండాలి గానీ పని చీర ఎందుకుంటుంది?"

తిరుమలరావు తడుముకోలేదు. "నెత్తురు పడితే ఇంటి చీర పాడవుతాదని. చంపడానికొచ్చిన మనిషికి ఆ మాత్రం ముందుచూపు ఉండదా?"

దెబ్బ బాగానే తగిలింది. రాజకుమారి లోలోపల మెచ్చుకుంది కూడా. మొద్దు అనుకుంటాం గానీ, మాటకి మాట అప్పజెప్పడంలో ఈ మనిషిని తీసెయ్యడానికి లేదు.

"అందుకే చీరనీ వేళ్ళనీ పక్కన పెట్టాను," అంది. "చేతిని చదివేవాణ్ణి పిలిపించాను."

"జోస్యుణ్ణా?"

గేటు దగ్గర ఆటో ఆగింది. అందులోంచి దిగిన మనిషి ఆరడుగుల పొడుగు, నెత్తి మీద వెంట్రుక లేదు, భుజాన గుడ్డ సంచి. డాక్టర్ కృపానిధి మెడికల్ కాలేజీలో ముప్పై ఏళ్ళు అనాటమీ చెప్పి రిటైరయ్యాడు. శ్రీకాకుళం జిల్లాలో సగం మంది డాక్టర్లు ఆయన శిష్యులే. వాళ్ళ పేర్లు ఆయన మర్చిపోతాడు గానీ చేతులు మర్చిపోడు. షేక్‌హ్యాండ్ ఇస్తే ఆ చెయ్యి తిప్పి చూసి, "నువ్వు ఫలానా బ్యాచ్ కదూ," అంటాడు. కోతకి ఇచ్చిన శవం ముందు క్లాసు మొత్తం నిలబడి దణ్ణం పెట్టాకే కత్తి ముట్టుకోనిచ్చేవాడని చెప్పుకుంటారు. రాజకుమారి అన్నగారు ఆయన దగ్గరే చదివాడు. చిన్నప్పుడు అన్న చెప్పే కబుర్లలో ఆవిడకి దేవుళ్ళ కంటే ఈయనే ఎక్కువ వినిపించేవాడు.

"రండి మాస్టారూ. మీరు చూడాల్సింది ఒక్క బొమ్మ."

ముగ్గురూ గోడౌన్‌లోకి నడిచారు. గోనె బస్తాలు దూలాల దాకా పేర్చి ఉన్నాయి. నరసింగరావు పడిన చోట సుద్ద గీత ఇంకా ఉంది. ద్వారం లోపలి వైపు గోడకి నిలువెత్తు మీద చిన్న కెమెరా. ఎవరి మీద అనుమానమో గానీ, చనిపోవడానికి వారం ముందు నరసింగరావు తనే తెచ్చి తనే బిగించుకున్నాడు. హంతకుడు లోపలికొచ్చి తలుపు మూసి, కుడి చెయ్యి పైకెత్తి కెమెరాను గోడ వైపు తిప్పేశాడు. అలా తిప్పడానికి ముందు బొమ్మలో చీర పడింది, ముసుగు పడింది. ఆఖర్న, కెమెరాకి జానెడు దూరంలో, ఎత్తిన చేతి లోపలి వైపు మోచేతి నుంచి మణికట్టు దాకా పడింది. వేళ్ళు బొమ్మ చట్రం దాటి పైకి పోయాయి.

"తిప్పాడెందుకు? పీకి పారెయ్యొచ్చుగా?" అంది రాజకుమారి. "ఎందుకంటే ఆ చీర అందరూ చూడాలి. చూపించాల్సింది చూపించి, చూపించకూడనిది మొదలుపెట్టే ముందు తిప్పాడు."

తిరుమలరావు వెళ్ళి గోడౌన్ తలుపు మూశాడు.

తలుపు మూస్తే గోడౌన్ పట్టపగలే చీకటి. బల్ల మీది కంప్యూటర్ తెర ఒక్కటే వెలుగుతోంది. రాజకుమారి ఆ ఆఖరి బొమ్మని నిలబెట్టింది. రంగుల్లేని బొమ్మ. చర్మం పాలలా తెల్లగా ఉంది. దాని మీద నల్లటి గీతలు, వంశధార పాయల్లా పాకి ఉన్నాయి.

కృపానిధి కళ్ళజోడు సర్దుకుని వంగాడు.

"ఎంత అందంగా ఉంది," అన్నాడు.

"హంతకుడి చెయ్యండీ అది," అన్నాడు తిరుమలరావు.

"చెయ్యి ఏం చేసింది బాబూ? చేసింది మనిషి." వేలు తెర మీద పెట్టాడు. "చీకట్లో ఈ కెమెరా మన కంటికి కనబడని వెలుగు ఒకటి వేస్తుంది. అది చర్మంలోకి కాస్త దిగుతుంది. సిరల్లో నెత్తురు దాన్ని తాగేస్తుంది, అందుకని నల్లగా కనబడతాయి. మీరంతా నరాలంటారే, అవే. ఇదిగో బొటనవేలి వైపు నుంచి ఎక్కేది ఒకటి. చిటికెన వేలి వైపు నుంచి ఎక్కేది ఒకటి. మోచేతి గుంటలో ఈ రెంటినీ కలుపుతూ ఏటవాలుగా ఇంకోటి ఉంటుంది. రక్తం తీసేటప్పుడు సూది గుచ్చేది దాన్లోనే. పుస్తకంలో ఇలాగే ఉంటుంది."

"అందరికీ అంతేగా?"

"పుస్తకానికి అంతే. మనుషులకి కాదు. కొందరికి ఆ ఏటవాలుది అసలుండదు. కొందరికి ముంజేతి నడుమ నుంచి ఒకటి లేచి పంగలకర్రలా రెండుగా చీలి చెరో వైపు కలుస్తుంది. ముప్పై ఏళ్ళలో నేను చూసిన చేతులకి లెక్కలేదు. అచ్చుగుద్దినట్టు ఒకటే పోలిక ఉన్న రెండు చేతులు చూడలేదు. కవలల్లో చూడలేదు. ఆ మాటకొస్తే నా కుడి చెయ్యీ నా ఎడమ చెయ్యీ ఒకటి కావు. ప్రతి చేతికీ ప్రభువు కొత్తగా గీశాడు తల్లీ, పాత కాగితం పెట్టి దిద్దలేదు."

ఆయన ఆ మాట చెబుతుంటే రాజకుమారి తెర వదిలి ఆయన్నే చూసింది. ముప్పై ఏళ్ళు ఒకే పాఠం చెప్పిన మనిషి గొంతులో విసుగు అన్నది లేదు. నిన్ననే మొదటిసారి చూసినట్టు చెబుతున్నాడు. ఇలాంటి వాళ్ళుండబట్టే లోకంలో చదువు నిలిచి ఉందనిపించింది.

"మరి ఈ చేతిలో విశేషం?"

"ఇక్కడ చూడు. ముంజేతి మధ్యలో. ఒకే సిర రెండుగా చీలింది, బొటనవేలి మందం నడిచి, మళ్ళీ కలిసిపోయింది. సూది బెజ్జంలా లేదూ? ఇది చాలా అరుదు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నిసార్లు చూశాను. వెంట్రుకలు లేవు. ఆడమనిషి చెయ్యి కావచ్చు, గీసుకున్న మగవాడి చెయ్యైనా కావచ్చు. అది నేను చెప్పలేను. బెజ్జం మాత్రం ఎవడూ గీసుకోలేడు, చెరుపుకోలేడు."

తలుపు తీసి లక్ష్మణమ్మని లోపలికి తీసుకొచ్చారు. నలభై దాటిన బక్కపలచటి మనిషి, రెండు రోజులుగా నిద్రలేక కళ్ళు పీక్కుపోయాయి. లోపలికి వస్తూనే రాజకుమారి వైపు చూసి అడిగింది తన గురించి కాదు.

"అమ్మా, మా ఆయనకి ఇయాల డయాలసిస్సు. ఎవులు తీసుకెల్తారు? ఒక్క పూట తప్పితే ఒల్లంతా నీరొచ్చేస్తాది."

"దేవేంద్ర తీసుకెళ్ళాడు. కంగారు పడకు."

లక్ష్మణమ్మ రెండు చేతులూ జోడించింది. "సల్లగుండాల ఆ బాబు. నానేటీ సెయ్యనేదు తల్లీ. ఆదోరమంతా ఇంటికాడే ఉన్నాను. మా ఆయన్నడగండి."

"మొగుడి సాక్ష్యం," అని గొణిగాడు తిరుమలరావు. "వాడొక్కడే కదా నీకున్న సాక్షి."

కృపానిధి ఆమె ముందుకెళ్ళి నిలబడ్డాడు. "అమ్మా, నీ చెయ్యి ఓసారి నాకిస్తావా?"

రెండు రోజులుగా ఆమెను లాగినవాళ్ళే గానీ అడిగినవాళ్ళు లేరు. ఆమె ఆయన్ని వింతగా చూసి, నెమ్మదిగా కుడి చెయ్యి చాపింది. నూనె తిన్న నల్లటి వేళ్ళు, అరచెయ్యంతా కాయలు. ముంజేతి లోపలి వైపు తేలు, చుట్టూ చుక్కలు.

"ఎప్పుడు పొడిపించుకున్నావు?"

"సిన్న గుంటప్పుడు బాబూ. పచ్చబొట్లు పొడిసే ముసల్ది దీపం మసి, ఏదో ఆకు పసరు కలిపి పొడిసింది. జొరం కూడా వచ్చింది."

ఆయన ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని, కెమెరాకి జానెడు దూరానికి ఎత్తించాడు. తలుపు మళ్ళీ మూసుకుంది.

తెర మీద మొదట కనిపించింది తేలు. కాటుకతో దిద్దినట్టు కటిక నలుపు. దాని కాళ్ళు, కొండి, చుట్టూ చుక్కలు, ఒక్కటీ పోలేదు. దాని కింద సిరలు రెండు ఎక్కి, మోచేతి గుంటలో ఏటవాలుగా కలిశాయి. పుస్తకంలో చెయ్యి. బెజ్జం లేదు, చీలిక లేదు.

రాజకుమారి రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టింది. చిన్నపిల్లాడు చూసినా చెప్పేస్తాడు.

"మసి కూడా ఈ వెలుగుని తాగేస్తుంది," అన్నాడు కృపానిధి. "పెన్నుతో గీసిన బొమ్మైతే కెమెరాకి కనబడకుండా పోవచ్చు. మసితో పొడిచింది పోదు. ఆదివారం ఇక్కడికొచ్చినది ఈ తల్లి చెయ్యి కాదు. కోర్టులో అడిగితే కోర్టులోనూ చెబుతాను."

లక్ష్మణమ్మకి సగమే అర్థమైంది. అర్థమైన సగానికే గోడకి జారి కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. తన చేతిని తనే తిప్పి తిప్పి చూసుకుంది, ఇన్నేళ్ళూ పిక్కలు కోసిన చెయ్యి ఇవాళ తన కోసం మాట్లాడిందా అన్నట్టు.

తిరుమలరావు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఓడిపోయానని ఒప్పుకోవడం ఆ మనిషికి చేతకాదు గానీ, అబద్ధం ఆడడం కూడా చేతకాదు. "సరే మేడమ్. ఈమె కాదు. మరి పచ్చబొట్టు?"

"అక్కడికే వస్తున్నాను. కెమెరాలో పచ్చబొట్టు లేదు. అయితే హంతకుడు పెన్నుతో గీసుకునైనా ఉండాలి, లేకపోతే అసలు అది లేకుండానైనా ఉండాలి. గీసుకుంటే ఎవరో చూడాలని గీసుకోవాలి. ఆ రోజు చూసినవాడు ఎవరు?"

"దేవేంద్ర ఒక్కడే."

"లేకపోతే? లేని పచ్చబొట్టుని చూశానన్నవాడు ఎవడు?"

రాజకుమారికి ఇందాకటి గది కళ్ళ ముందు తిరిగింది. మణికట్టు దాకా బొత్తాలు. చొక్కా మీంచి గోక్కోవడం. నూనె పడితే చర్మం పొక్కుతుంది, నిజమే. కొత్తగా వెంట్రుకలు గీసిన చోట, మళ్ళీ మొలిచేటప్పుడు కూడా అంతే దురద పెడుతుంది.

"మేడమ్," అన్నాడు తిరుమలరావు. గొంతు మారిపోయింది. "ఆగండి. ఒక్క నిమిషం ఆగండి."

ఫోను తీసి అందులోని ఫోటోలు ఆత్రంగా వెనక్కి తిప్పుతున్నాడు. "పోయిన నెల స్టేషన్ తరఫున రక్తదానం క్యాంపు పెట్టాం. నేనూ దేవేంద్రా పక్కపక్క మంచాల మీద పడుకున్నాం. సూది గుచ్చిన అమ్మాయి వాడి చెయ్యి చూసి నవ్వింది. ఏమ్మా అంటే, 'ఈ సార్ నరం రెండుగా సీలి మల్లీ కలిసింది సూడండి' అంది. నాకప్పుడు అదేదో వేళాకోళం అనిపించింది."

ఫోటో దొరికింది. మంచం మీద దేవేంద్ర పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ, పిడికిట్లో బంతి నొక్కుతున్నాడు. చొక్కా భుజం దాకా మడిచి ఉంది. జబ్బకి బిగించిన పట్టీకి కుడి చేతి సిరలన్నీ తాళ్ళలా ఉబ్బాయి. ముంజేతి నడుమ, ఉబ్బిన ఒక్క సిర రెండుగా చీలి, బొటనవేలి మందం నడిచి, మళ్ళీ ఒకటైంది.

కృపానిధి ఫోనుని తెర పక్కన పట్టుకుని చూశాడు. తలాడించాడు. "వేరే చెయ్యి కాదు."

"సెబాష్, తిరుమలరావ్," అంది రాజకుమారి. మనసారా అంది. పరుగులో ఫస్టు వచ్చినవాడికి జ్ఞాపకంలోనూ ఫస్టు ఇచ్చెయ్యొచ్చు అనిపించింది. తను పట్టుకున్న కేసుని తనే తలకిందులు చేసే ఫోటోని దాచుకోకుండా చేతిలో పెట్టినవాడు చిన్నవాడు కాదు. "ఎందుకు చంపాడో వాడి నోటితోనే చెప్పిద్దాం. వాడిప్పుడు..."

తలుపు తీసి వెళ్ళమన్నది తనే.

లక్ష్మణమ్మకి ఉన్న ఒకే ఒక్క సాక్షి. ఆదివారమంతా ఆమె ఇంట్లోనే ఉందని చెప్పగలిగిన మనిషి. ఆ మనిషి ఇప్పుడు ఎవడి బండి వెనక కూర్చున్నాడు?

ఆవిడ ఫోను తీసింది. డయాలసిస్ సెంటర్ నర్సు రెండో రింగుకే ఎత్తింది.

"అప్పలసూరి గారాండి? ఇంకా రానేదండి. నాలుగున్నర అవుతన్నాది, మంచం కాళీగానే ఉన్నాది."

తిరుమలరావు అప్పటికే జీపు వైపు పరిగెడుతున్నాడు. రాజకుమారి అతని వెంట పడబోతుంటే లక్ష్మణమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆమెకి ఇప్పుడు పూర్తిగా అర్థమైంది.

"అమ్మా, మా ఆయనకి ఆపరేసన్ సేసినారు. సూదులు పెట్టడానికి ఎడం సేతి నరం ఎత్తుగా కట్టినారు. సెవి పెడితే గుయ్యిమని మోగుతాది. మొన్న సుక్కురారం దేవేంద్రబాబు ఇంటికొచ్చినాడు. ఆ సెయ్యి పట్టుకుని సెవి పెట్టి ఇన్నాడు."

"తరవాత?"

"'ఇది తెగితే ఏటవుతాది లక్ష్మణమ్మా?' అనడిగినాడు." ఆమె పట్టు ఇంకా బిగిసింది. "నానే సెప్పినానమ్మా. కూకుని కట్టు కట్టీ లోపలే పేనం పోతాదని నానే సెప్పినాను."